మెడ వెనక పాయ

సోమవారం. పసుపు జెండా.

వార్డు ఆఫీసు మీద పసుపు జెండా ఎగిరిన రోజు పొద్దున తొమ్మిది దాటాక షాపు తీసి ఉంచకూడదు. ఆ వేళకు మూసేసి, కుర్చీ తుడిచి, తలుపుకు తడి గోనెపట్టా కట్టి ఇంటికొచ్చాను. ఇవాళ గడ్డాలే ఎక్కువ. జుట్టు కత్తిరించుకున్నవాళ్ళు ఇద్దరు.

కత్తి పదును బొటనవేలికి తెలియడం మానేసి చాలా కాలమైంది. చల్లబిళ్ళ వేసుకునేవాళ్ళెవరికీ వేలికొసల్లో ఏదీ సరిగా తెలియదు. ఎండకు పడిపోవడం తప్పింది, వేళ్ళు మొద్దుబారాయి. గుట్టపేటలో అందరూ దీనికి అలవాటుపడ్డారు. నేను కత్తిని కింది పెదవికి ఆనించి చూసుకుంటాను. పెదవికి ఇంకా కొంత తెలుస్తుంది.

సాయంత్రం అయిదింటికి వార్డు గంట మోగింది. వీధిలో అందరం చెంబులతో గుమ్మాల్లోకొచ్చి బిళ్ళ వేసుకున్నాం. తరవాత నా గడ్డం నేనే గీసుకున్నాను. చెంచమ్మ పొయ్యి దగ్గర గంజి కలుపుతోంది. నేను పక్కకు వెళ్తే తువ్వాలు అందించి, దవడ కింద వేలు పెట్టి, "ఈడ నాలుగు వదిలేశావే" అంది. మొహం గంజి వైపే ఉంది.

అన్నం తింటుండగా తట్టింది. ఆమె నా వంక చూడనే లేదు. నాలుగు వెంట్రుక మొలకలు మిగిలాయని వేలికి ఎలా తెలిసింది?

బుధవారం. ఎర్ర జెండా.

ఎర్ర జెండా అంటే ఎవరూ గడప దాటకూడదు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నా భార్య చేతుల వంకే చూశాను. బియ్యంలో రాళ్ళు చూడకుండానే ఏరేస్తోంది. చీర అంచు కుట్టుకుంటూ దారం ముడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, నచ్చక, విప్పి మళ్ళీ వేసింది. సాయంత్రం గంట మోగాక ఆమె గొంతు వంక చూశాను.

"ఏందయ్యా, గుటకలు లెక్కబెడతా ఉండావు?" అంది.

"మానేశావా?"

"మానేశా."

"ఎప్పుడు?"

"మస్తానమ్మ కడుపు మీద చెయ్యేసి, పైకుండేది తలకాయో పిర్రలో తెలవక బయటికొచ్చి ఏడ్చినానే, ఆ రోజు."

చెంచమ్మ మంత్రసాని. మా కులంలో మగవాళ్ళు కత్తి పట్టుకుంటే ఆడవాళ్ళు కాన్పులు చేసేవాళ్ళు. ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. మస్తానమ్మ వెనక వీధి పిల్ల. తొలిచూలు. బిడ్డ అడ్డంగా ఉందని ఆ తరవాతే తెలిసింది. కడుపుతో ఉన్నట్టు వార్డులో రాయించుకోలేదు. రాయించుకుంటే అయిదో నెల నుంచీ చలువ ఇంట్లో, వార్డు వాళ్ళ కళ్ళ ముందే ఉండాలి. అక్కడ ఉండలేమనుకున్నవాళ్ళు గుట్టుగా చెంచమ్మ దగ్గరికి వస్తారు.

"బిళ్ళ మానేస్తే ఎండకి పడిపోతావే," అన్నాను.

"తడిగుడ్డ చుట్టుకుంటా. మా అమ్మ చుట్టుకోలా?"

"మీ అమ్మ కాలంలో ఇంత ఎండ యాడిది?"

"మా అమ్మ కాలంలో ఇన్ని చట్టాలు మాత్రం యాడివి?"

మంత్రసానులకు మినహాయింపు ఉందని గుర్తు చేశాను. అర్జీ పెట్టమన్నాను.

"ఏ ఇంటికి పోయినావు, ఎవురి కడుపు పట్టుకున్నావు, ఎన్నో నెల, అన్నీ రాసిస్తేనే గదా వాళ్ళు ఇచ్చేది? నా వేళ్ళ కోసం వాళ్ళ కడుపులు రాసియ్యమంటావా?"

"వచ్చే మంగళవారం జుట్టు పాయలు తియ్యాల," అన్నాను.

"తెలుసు. కత్తెర ఉండేది నీ చేతిలోనే గదా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

ఆదివారం. పసుపు జెండా.

షాపులో పాయల కోసం కవర్లు సర్దాను. మూడు నెలలకొకసారి ప్రతి తల నుంచీ ఒక పాయ వార్డుకు పోవాలి. మెడ వెనక, మొదలుకు ఆనించి, అగ్గిపుల్ల మందాన. అందులో బిళ్ళ జాడ ఉంటే సరే. లేకపోతే ఆ వేసవంతా చలువ ఇంట్లో పెట్టి రోజూ సూది వేస్తారు. బిళ్ళ మానేస్తే వేళ్ళు తిరిగొస్తాయి. సూది పడినవాళ్ళకు ఇక రావు. చెంచమ్మకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా సోమవారం నుంచీ నాకే కాలు ఒకచోట నిలవడం లేదు.

షాపు గోడకు వార్డు వాళ్ళు వేయించిన బోర్డు ఉంది. ఇన్నేళ్ళుగా దాని ఎదురుగా నిలబడి పనిచేస్తున్నా, ఇవాళే ప్రతి మాటా కూడబలుక్కుని చదివాను. తలను బలవంతంగా పట్టుకోరాదు. ఒకసారి పాయ తీశాక మూడు నెలలు నిండేదాకా పాయ కోసం ఆ తల మీద మళ్ళీ కత్తెర పెట్టరాదు. పాయలో బిళ్ళ ఉన్నదీ లేనిదీ తప్ప మరేమీ చదవరాదు, ఆ జుట్టు ఎవరిదన్నది కూడా. ఈ మూడూ జనం పెద్ద కోర్టుదాకా పోయి తెచ్చుకున్నవి. ఆ తరవాతిది ప్రభుత్వం చేర్చుకుంది: తల నుంచి విడిపోయిన జుట్టు మీద తల గలవారికి హక్కు లేదు. చివర చిన్న అక్షరాల్లో, గుండు చేయించుకున్నా పాయ ఇవ్వనన్నట్టే లెక్క, నీళ్ళ కార్డు ఆగిపోతుంది.

జుట్టు ఎవరిదో చదవరాదు అన్న చోట ఆగిపోయాను. మళ్ళీ చదివాను.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. కూర్చున్నాను, లేచాను, కుండలో నీళ్ళు ఉన్నాయో లేదో చూశాను. చెంచమ్మ "ఏం పోగొట్టుకున్నావు?" అంది.

మంగళవారం. పసుపు జెండా.

మంగళవారం మంగలి షాపు తీయకపోవడం తాతల నాటి ఆనవాయితీ. మగవాళ్ళు రారు కనక వార్డు వాళ్ళు ఆ రోజునే ఆడవాళ్ళ పాయలకు ఇచ్చారు. తలుపుకు దుప్పటి కట్టి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచాను.

చేసింది చేసినట్టు రాస్తాను.

ఎవరి పాయ అయితే నమ్మకంగా ఉంటుందా అని పొద్దున్నుంచీ ఆలోచించాను. వార్డు ఆఫీసరు దామోదరం గారి భార్య వసుమతమ్మ వచ్చింది. ఆవిడ కంటే నమ్మకమైన తల ఊళ్ళో ఇంకొకటి ఉండదనుకున్నాను. గంట మోగించేది ఆయన. ఆ గంటకు మొదట బిళ్ళ వేసుకునేది ఆ ఇల్లు. జుట్టు కూడా చెంచమ్మ జుట్టులాగే నల్లగా, ఒత్తుగా ఉంది. అగ్గిపుల్ల మందాన తియ్యాల్సినది దానికి రెండింతలు తీశాను.

ఆవిడ మెడ వెనక్కు చెయ్యి పోనిచ్చి వేలితో తడుముకుంది. "ఎక్కువ తీసినట్టున్నారే అన్నా?"

"కత్తెర జారిందమ్మా."

"పర్లేదులెండి. జడ వేస్తే కనపడదు," అని కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ పాయను రెండు చేశాను. సగం ఆవిడ కవర్లో, సగం చెంచమ్మ పేరున్న కవర్లో. రెండూ సీలు వేసి వార్డు పెట్టెలో పడేశాను.

ఇంటికొచ్చాక చెంచమ్మ నా ముందు జుట్టు విరబోసుకుని కూర్చుంది. "కానియ్. నేను రెడీ. నీళ్ళ కార్డు కోసం నీ చేత దొంగపని చేయించను. కత్తిరించు. దొరికితే దొరికినాను. మస్తానమ్మకి నెప్పులు వచ్చేదాకా దాక్కుంటా."

"అయిపోయిందిలే."

"నా తల మీద కత్తెర పడకుండా ఎట్ట అయిపోయింది?"

"అయిపోయిందన్నా గదా. లేచి జడేసుకో."

ఆమె లేవలేదు. నేను కవర్లకు వాడిన జిగురు చేతికి అంటుకుంటే పెరట్లోకి పోయి రాయికేసి రుద్దుకున్నాను.

శనివారం. ఎర్ర జెండా.

నోటీసు వచ్చింది. ఎర్ర జెండా రోజున వార్డు మనిషి గొడుగేసుకుని, తడిబట్ట చుట్టుకుని మరీ వచ్చి ఇచ్చిపోయాడు. చెంచమ్మ పాయలో బిళ్ళ జాడ లేదు. బుధవారం వార్డు కోర్టుకు రావాలి.

రెండుసార్లు చదివాను. ఇలా ఎలా వస్తుంది? అది ఆమె జుట్టు కాదు. వార్డు యంత్రం తప్పు చదివిందేమో అనుకున్నాను. గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే వసుమతమ్మ మెడ తడుముకోవడం గుర్తొచ్చింది. ఎక్కువ తీసిన సంగతి ఆవిడ అద్దంలో చూసి అనలేదు. వేలితో తెలుసుకుంది.

చెంచమ్మకు మొత్తం చెప్పేశాను. కొడుతుందేమో అనుకున్నాను. ఆమె మెల్లగా అడిగింది.

"ఆమెని అడిగావా?"

"ఏమని అడిగేది?"

"నీ జుట్టు ఇంకొంచెం తీసుకుంటానమ్మా, నా పెళ్ళానికి కావాల, అని."

"అడిగితే ఇస్తదా?"

"ఇయ్యదు. అందుకని అడక్కుండా కోసుకొచ్చావు. వార్డోళ్ళు మూడు నెలలకి ఒక పాయ తీసుకుంటే, నువ్వు రెండు తీసుకున్నావు. వాళ్ళకైనా బోర్డు మీద రాసుండాది. నీకేం రాసుండాది?"

ఆ మాట నేను ఊహించలేదు. పాపం చేశానని ఏ దేవుడికో చెప్పుకోవాలనుకున్నాను గానీ, వసుమతమ్మకు చేశానన్నది తట్టలేదు.

కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. దాన్ని పైకే అనేశాను. "దామోదరం దగ్గరికి పోతా. అయ్యా, అది నీ పెళ్ళాం జుట్టు అని చెప్తా. నీ ఇంటి సంగతి బయటికి రాకూడదంటే మా నోటీసు చించెయ్ అంటా. ఆయనకి వేరే దారి లేదు."

"చెప్పబాక."

"నీ వేళ్ళు పోతాయే!"

"పోతే నా వేళ్ళు పోతాయి. ఆమె ఎందుకు మానేసిందో నీకు తెలుసా? మొగుడికి చెప్పిందో లేదో తెలుసా? చెప్పకుండా ఉంటే ఆయన ఇంట్లో ఆమె బతుకేందో తెలుసా? ఏమీ తెలవకుండా నీ చేతిలో ఉండే ఆమె రహస్యాన్ని తీసుకుపోయి ఆమె మొగుడికి అమ్ముతావా? చెప్పబాక. చెప్తే నేనే పోయి చలువ ఇంట్లో కూర్చుంటా."

తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాను. ఎదురింటి నీడ కూడా కాలుతోంది. మళ్ళీ మూశాను.

సోమవారం. పసుపు జెండా.

దామోదరం గారు షాపు తీసీ తీయకముందే వచ్చారు. మామూలుగా శనివారం గీయించుకుంటారు. ఈసారి మనిషి ఒక్కడే, చెమట పట్టి, మాసిన గడ్డంతో. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నురగ రాసి కత్తి అందుకున్నాను.

"మంగళవారం నీ షాపు నుంచి వచ్చిన పాయల్లో రెండు ఖాళీగా వచ్చాయి, తిరుపాలూ," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఒకటి మీ ఆవిడది. రెండోది ఎవరిదో నీకు తెలుసనుకుంటాను."

రెండో నోటీసు ఊళ్ళో ఎవరికీ రాలేదు. ఆయన తన దగ్గరే పెట్టుకున్నారు.

"నువ్వు పొరపాటు చేశావని నేననుకుంటున్నాను. మీ ఆవిడ జుట్టే రెండు కవర్లలోనూ పడింది. అవునా? ఆ ముక్క బుధవారం కోర్టులో చెప్పు. మీ ఆవిడకి సూది లేకుండా బిళ్ళలతోనే సరిపెట్టేలా నేను చూస్తాను. అంతవరకు నా చేతిలో పనే."

కత్తి దవడ దగ్గరుంది. సూది లేకపోతే వేళ్ళు ఎప్పటికైనా తిరిగొస్తాయి. పైగా ఆయన అడిగేది, వసుమతమ్మ సంగతి బయటికి రానివ్వకు అనే. చెంచమ్మ కోరిందీ అదే. ఇది ఒప్పుకుంటే సరిపోతుందేమో అనిపించింది.

ఆయన ఉన్నట్టుండి కళ్ళు తెరిచారు. అద్దంలో నన్ను చూస్తూ, "నిజం చెప్పు," అన్నారు. "కోర్టు కోసం కాదు. నా కోసం. ఆమె వేసుకుంటోందా, లేదా? మా తమ్ముడు సైకిల్ మీద పోతూ పడిపోయాడు. లేపేలోపే ప్రాణం పోయింది. బిళ్ళ వేసుకోనని పంతం పట్టాడు వాడు. నేను ఇంట్లో లేనప్పుడు ఈమె వంటింట్లో పడిపోతే? ఆ రెండో పాయ ఎవరిది? నాకు తెలియాలి, తిరుపాలూ."

ఇంత పెద్ద మనిషి కళ్ళలో నీళ్ళు చూసి, చెప్పేద్దామనే నోరు తెరిచాను. కత్తి జారింది. దవడ కింద సన్నగా నెత్తురు వచ్చింది. తెగినట్టు నా చేతికి తెలియలేదు. పటికబిళ్ళ తడిపి అద్దాను.

"నాకు తెలవదయ్యా," అన్నాను. "ఆ మాట అడగాల్సింది నన్ను కాదు."

"అడిగాను. చెప్పదు."

"అట్టయితే నేనెట్ట చెప్పేది?"

ఆయన లేచారు. నురగ తుడుచుకోకుండానే వెళ్ళారు. గుమ్మం దగ్గర ఆగి, "బుధవారం," అన్నారు.

మంగళవారం. పసుపు జెండా.

షాపు తీయలేదు. చెంచమ్మ పొద్దున్నే మస్తానమ్మ ఇంటికి పోయింది. బిడ్డ కొంచెం తిరిగిందట. రోజూ మెల్లగా కడుపు మీద నూనె రాసి, తల ఎక్కడుందో తడిమి చూసి తోస్తోంది. "నా వేలు పెడితే లోపల్నుంచి తన్నింది, రౌడీ పిల్ల," అంది వచ్చాక. ఆ మాట చెబుతుంటే ఆమె మొహం ఎన్నడూ లేనంత వెలిగింది.

దామోదరం గారు అడిగింది చెప్పాను. సూది లేకుండా చూస్తానన్నారని కూడా చెప్పాను.

"నువ్వేం చెప్తావు?"

"తెలవదు."

"నా మీదికి నెట్టెయ్. రెండూ నావే అని చెప్పు. ఆమెని వదిలెయ్. అంతే గదా?"

అలా చెప్పింది గానీ అన్నం తినలేదు. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని, ఒక చేతి వేళ్ళతో రెండో చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా నొక్కి చూసుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి ఆపేసింది.

తరవాత నేను ఒక్కడినే షాపుకు పోయి, గోడ మీద బోర్డు ఎదుట చాలాసేపు కూర్చున్నాను.

బుధవారం. ఎర్ర జెండా.

ఎర్ర జెండా రోజున కోర్టు తెల్లవారకముందే మొదలై ఎండ రాకముందే ముగుస్తుంది. వార్డు కోర్టంటే ఒక హాలు, నాలుగు బెంచీలు. మేజిస్ట్రేటు ఒక పెద్దావిడ. చెయ్యి వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకుని కాగితాలు తిప్పుతోంది. దామోదరం గారు ఒక పక్క, మేమిద్దరం ఒక పక్క.

నోటీసు చదివారు. చెప్పుకునేది ఉందా అని మేజిస్ట్రేటు చెంచమ్మను అడిగింది. ఆమె లేవబోతుంటే నేను లేచాను.

"అమ్మా, ఆ పాయ కోసింది నేను. రెండు కవర్లలో ఒకే తల జుట్టు వేశాను."

దామోదరం గారి భుజాలు దిగాయి. చెంచమ్మ నా వంక చూడలేదు.

"పొరపాటున వేశావా?"

"లేదమ్మా. కావాలనే."

హాలులో ఎవరో అబ్బో అన్నారు. మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసింది. "ఎవరి తల?"

"చెప్పనమ్మా."

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పను."

"మీ ఆవిడదా?"

"చెప్పనమ్మా."

దామోదరం గారు లేచారు. "మేడమ్, ఇతను నాతో చెప్పిన దానికి..."

"మీతో ఏమీ చెప్పలేదు సార్," అన్నాను.

మేజిస్ట్రేటు ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు ఆ షాపు నుంచి ఇంకో ఖాళీ పాయ వచ్చిందా? పేరు వద్దు. ఇది బహిరంగ విచారణ. నంబరు చెప్పండి."

ఆయన దవడ దగ్గర నేను కోసిన గాటు ఇంకా ఎర్రగా ఉంది. చివరికి నంబరు చెప్పారు.

"దానికి నోటీసు ఎందుకు పోలేదు?"

"పరిశీలనలో ఉంది మేడమ్."

"ఆహా," అంది ఆవిడ. ఆ ఒక్క మాటే అంది. చెయ్యి పట్టుకుని ఏదో రాసుకుంది. ఆ రాయడం ఎంతకీ అవలేదు. ఆ జుట్టు ఎవరిదో చదవడానికి చట్టం ఒప్పుకోదు కనక, ఏ కవరు ఎవరి మీదా నిలబడదని చదివింది. రెండు ఫలితాలూ చెల్లవు. పాయ కోసం ఒకసారి కత్తెర పడిన తల మీద మూడు నెలలదాకా మళ్ళీ పడకూడదు కనక, కొత్త పాయలు వచ్చే విడతలోనే.

చెంచమ్మ తలమీద కత్తెర పడనే లేదని నేను చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

"ఇక నీ సంగతి," అంది మేజిస్ట్రేటు నాతో. "తల అప్పగించిన మనిషి నీ చేతిని నమ్ముతుంది. నువ్వు ఎవరి తల నుంచో, వాళ్ళకు చెప్పకుండా ఎక్కువ కోశావు. వార్డు సంగతి తరవాత, ముందు ఆ మనిషికి అన్యాయం చేశావు. నీకు మళ్ళీ కత్తెర ఇవ్వను. తెచ్చావా?"

తెచ్చాను. బల్ల మీద పెట్టాను. కత్తి కూడా పెట్టమంది. పెట్టాను. ఆవిడ అన్నది నిజం కనక బాధగా ఉన్నా కోపం రాలేదు.

బయటికి వచ్చాక చెంచమ్మ నాలుగడుగులు నా ముందు నడిచింది. ఆగింది. "రెండూ నావని చెప్పమంటే, ఇదేందయ్యా? ఇంకేం పని వచ్చు నీకు?"

"ఏమీ రాదు."

"మంచి మొగుడు దొరికినాడు," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. ఎండ వచ్చేస్తోంది, పరుగెత్తినట్టే ఇంటికొచ్చాం.

శుక్రవారం. పసుపు జెండా.

నిన్న మధ్యాహ్నం మస్తానమ్మ ఆడపిల్లను కన్నది. బిడ్డ చివరి నిమిషంలో మళ్ళీ అడ్డం తిరగబోయిందట. చెంచమ్మ కడుపు మీద చెయ్యి తీయకుండా తలను వేళ్ళతో పట్టి నిలబెట్టిందట. తల్లీ బిడ్డా బాగున్నారు. చెంచమ్మ మాత్రం ఎండలో ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది. తడిగుడ్డలు మార్చి మార్చి వేశాను. సాయంత్రానికి లేచింది. ఇది కూడా రాయాలి. బిళ్ళ వేసుకుని ఉంటే పడిపోయేది కాదు.

ఇవాళ పొద్దున వసుమతమ్మ మా ఇంటికి వచ్చింది. చెంచమ్మ పీట వేసింది. కూర్చోలేదు.

"నా జుట్టే కదా అన్నా?" అంది నాతో.

"అవునమ్మా. తప్పు చేశాను."

"నన్ను అడిగి ఉంటే వద్దనేదాన్ని. ఎందుకు వద్దో కూడా చెప్పేదాన్ని కాదు."

"అడగాల్సిందమ్మా."

"అడగాల్సింది," అని ఒప్పుకున్నట్టుగా తల ఊపింది. "కోర్టులో నా పేరు చెప్పనందుకు మీకు దండం పెడదామని బయల్దేరాను. దారిలో కోపం వచ్చింది. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఏది చెయ్యాలో తెలియడం లేదు."

"రెండూ చెయ్యి తల్లీ," అంది చెంచమ్మ. "ముందు తిట్టు."

వసుమతమ్మ నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఆయన అడుగుతూనే ఉన్నారు. అన్నం పెట్టేటప్పుడు, పడుకునేటప్పుడు. పాపం, భయం ఆయనకి. నేనింకా చెప్పలేదు. చెప్తానేమో. ఎప్పుడో నేనే చెప్తాను."

చెంచమ్మ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ చెంచమ్మ చెయ్యి పట్టుకుంది. ఒకరి వేళ్ళు ఒకరు కాసేపు తడుముకున్నారు. నా చేతులకు తెలియని సంగతేదో వాళ్ళు చెప్పుకుంటున్నట్టు అనిపించింది.

పగలంతా ఏ పనీ లేదు. షాపు తాళం వార్డులో ఇచ్చి వచ్చాను. నీళ్ళు మోశాను. రేపటి నుంచి నీళ్ళ బండి తోసే పనికి రమ్మన్నారు.

సాయంత్రం గంట మోగింది. వీధంతా చెంబులతో గుమ్మాల్లోకొచ్చింది. వచ్చే విడత పాయ తీసేది ఎవరో కొత్త మనిషి, నాకు తెలియని చెయ్యి. ఇవాళ్టి నుంచి చెంచమ్మ బిళ్ళ వేసుకుంటే అందులో జాడ ఉంటుంది. వేసుకుంటే వేళ్ళు పోతాయి. వేసుకోకపోతే నిన్నటిలా ఎక్కడో కూలబడవచ్చు, లేవకపోవచ్చు. ఇవన్నీ ఆమెకు తెలుసు. వెనక వీధిలో ఇంకో ఇద్దరికి నెలలు నిండుతున్నాయని కూడా తెలుసు.

చెంచమ్మ చెంబు పట్టుకుని నా పక్కన వచ్చి నిలబడింది. నేను నా బిళ్ళ వేసుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఏందయ్యా, మెడ పట్టేసిందా? అట్ట తిరిగావు?"

"లేదులే. నువ్వు కానియ్," అన్నాను. తిరగలేదు.